మోకాలబ్బాయి మేనేజరు

ప్రతి పొద్దునా లేవగానే గిలక చేసే మొదటి పని తల్లి కళ్ళలో మందు చుక్కలు వేయడం. ముందు చేతులు సబ్బుతో ఒకటికి రెండుసార్లు రుద్ది కడుక్కునేవాడు. లిఫ్టు గ్రీజు అంత తొందరగా వదిలే సరుకు కాదు. తర్వాత ఆవిడ తల కింద దిండు సర్ది, కింది రెప్పను వేలితో మెల్లగా లాగి, ఒక్కో కంట్లో ఒక్కో చుక్క జారవిడిచేవాడు. ఆ మందు ఇంకేదాకా రెండో సీసా ముట్టుకోకూడదని డాక్టరు చెప్పాడు. అందాకా ఆవిడ కళ్ళు మూసుకుని కదలకుండా పడుకోవాలి. ఆ కాసేపట్లో గిలక మంచం పక్కన స్టూలు లాక్కుని, పాత లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, తన ఫుట్‌బాల్ క్లబ్బు సంగతులు తల్లికి చదివి వినిపించేవాడు.

"ముందు మోకాలబ్బాయి ఎలా ఉన్నాడో చెప్పు. మిగతావి తర్వాత," అనేది ఆవిడ.

గిలక క్లబ్బు నిజం క్లబ్బు కాదు, కంప్యూటర్లో ఆట. అందులో బంతి తన్నే పని మనకుండదు. మేనేజరు కుర్చీలో కూర్చుని ఎవర్ని ఆడించాలి, ఎవర్ని బెంచీ మీద ఉంచాలి, ఎవరికి ఎలాంటి శిక్షణ ఇవ్వాలి, ఎవరి ఒప్పందం పొడిగించాలి అన్నీ చూసుకోవాలి. మ్యాచి కంప్యూటరే నడిపి, మైదానంలో ఏం జరుగుతోందో ఒక్కో వాక్యంగా తెర మీద వేస్తుంది. చాలామంది పేరున్న క్లబ్బు తీసుకుని కప్పుల మీద కప్పులు గెలుస్తారు. గిలక మాత్రం ఏరి ఏరి అన్నిటికంటే కింది లీగులో, పట్టికలో అడుగున పడి ఉన్న క్లబ్బును పట్టుకున్నాడు. వాన పడితే ఆ మైదానంలో నీళ్ళు నిలుస్తాయి. జనం కూర్చునే చోట సగానికి కప్పు లేదు. అంతకుముందు మేనేజరు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు.

"అదేం ఖర్మండీ? ఇంతకన్నా మంచిది దొరకలేదా మీకు?" అని భార్య అడిగింది ఒకసారి.

"నడిచే లిఫ్టు దగ్గరికి మెకానిక్కుని ఎవరు పిలుస్తారే?" అన్నాడు.

అసలు పేరు వేరే ఉన్నా, లిఫ్టు కంపెనీలో అందరూ అతన్ని గిలకా అనే పిలిచేవాళ్ళు. ఒకచోట నిలవలేని మనిషి. టీ తాగుతూ నడిచేవాడు, ఫోను మాట్లాడుతూ నడిచేవాడు, కూర్చుంటే మోకాలు ఆడించేవాడు. భార్య రక్తపరీక్షల కేంద్రంలో రక్తం తీసే ఉద్యోగం చేసేది. పరగడుపున వచ్చే వాళ్ళ కోసం ఆమె తెల్లవారగానే వెళ్ళిపోవాలి కాబట్టి అత్తగారి కళ్ళ మందు గిలక వంతుకు వచ్చింది. మొదట్లో ఆ ఎదురుచూపు అతనికి నరకంగా ఉండేది. తల్లీ కొడుకులకు మాట్లాడుకోవడానికి ఏమీ తోచేది కాదు. అతను కాలు ఆడిస్తుంటే స్టూలు మంచానికి తగిలి టకటకా కొట్టుకునేది. "కళ్ళు మూసుకున్నా రైల్లో ఉన్నట్టుందిరా నాన్నా," అనేది తల్లి. చివరికి బావమరిది ఇచ్చిపోయిన లాప్‌టాప్ తెరిచి, అందులో ఉన్న ఈ ఆట మొదలుపెట్టాడు. "ఏంట్రా ఆ టిక్కుటిక్కు?" అని ఆవిడ అడిగితే చదివి వినిపించాడు. అంతే, ఆ పూట స్టూలు కదలలేదు.

తల్లి ఒకప్పుడు ఆసుపత్రిలో ఎముకల వార్డు ఆయా. అక్కడ డాక్టర్లు రోగుల్ని మంచం నంబరుతో పిలిచేవాళ్ళు. నంబరుతో పిలిస్తే మనిషి ముఖం తిప్పుకుంటాడని ఆవిడకు అనిపించేది. అందుకని వార్డులోకి ఎవరొచ్చినా ఏదో ఒక వరస పెట్టుకుని పలకరించేది. క్లబ్బు ఆటగాళ్ళ పేర్లు ఆవిడ నోరు తిరగనివి. చొక్కా మీద నంబర్లున్నాయి కదా అంటే ససేమిరా అంది. ఒక వారంలో అందరికీ తనే పేర్లు పెట్టేసింది. ఏ బంతీ వదలని గోల్‌కీపరు తలుపుగడియ. ఎప్పుడు చూసినా అలిగి జీతం సరిపోలేదని కబురు పెట్టేవాడు సణుగుడు. పెద్ద క్లబ్బు నుంచి ఆర్నెల్లకు అరువు మీద వచ్చి, ఏ పనీ నచ్చక ముక్కు చిట్లించేవాడు కొత్తల్లుడు.

మోకాలబ్బాయిని తెచ్చుకోమన్నది కూడా ఆవిడే. గాయం మానలేదని వేరే క్లబ్బు అతన్ని వదిలేసింది. "వద్దమ్మా, మోకాలు పనికిరాదని రాసుంది," అని గిలక తోసిపుచ్చబోయాడు. "మోకాలు ఒక్కటే కదరా బాగాలేనిది? మిగతా మనిషంతా బాగానే ఉన్నాడుగా," అంది. ఆ మాట మీద పిలిపించాడు. కుర్రాడు కుదురుకున్నాక ఆ జట్టుకు గోలు కొట్టే మొనగాడు అతనొక్కడే అయ్యాడు.

"వాళ్ళు నిజం మనుషులు కారమ్మా," అని ఒకసారి గుర్తు చేశాడు గిలక, ఆవిడ మరీ బెంగ పెట్టుకుంటోందని.

"నాకు తెలీదనుకున్నావా? కంప్యూటరు బొమ్మలు. సరే. నొప్పి అని అందులో రాసుందా లేదా?"

"ఉంది."

"మరింకేం? చదివి తెలుసుకుని కూడా మనకేం పట్టనట్టు ఎలా ఉంటాం?"

రెండో మందు కూడా వేయించుకున్నాక ఆవిడ పడుకునే రెండు చేతులూ జోడించి దేవుడికి దణ్ణం పెట్టుకునేది. కోడలు, కొడుకు, ఇరుగుపొరుగు, వార్డులో తనతో పనిచేసి పోయిన వాళ్ళు, అందరూ అయ్యాక ఆ కుర్రాళ్ళు. బెంచీ మీద కూర్చునేవాళ్ళను ప్రత్యేకంగా తలుచుకునేది. ఆడేవాళ్ళకు చప్పట్లుంటాయి, పాపం వాళ్ళకేముందీ అనేది.

అలాంటి క్లబ్బుకు సీజను చివర ముప్పు వచ్చింది. ఆఖరి మ్యాచి గెలిస్తేనే లీగులో ఉంటారు. గెలవకపోతే క్లబ్బు లీగు నుంచే దిగిపోతుంది, మేనేజరు కూడా ఇంటికి వెళ్ళాలని బోర్డు కబురు పంపింది. అదే పూట ఫిజియో నుంచి ఇంకో కబురు. మోకాలబ్బాయికి మళ్ళీ వాపు వచ్చింది. విశ్రాంతి ఇవ్వాలి. ఆడిస్తే లోపలి నరం తెగవచ్చు.

గిలక రెండూ చదివి వినిపించాడు.

"ఆడించకు," అంది తల్లి వెంటనే. "వాపు మీద పరిగెత్తించిన కాళ్ళను నేను చూశానురా. మళ్ళీ మామూలు కాలేదు. కూర్చోబెట్టు."

"అలాగేలే, ఆడించను."

"అలాగేలే కాదు. మాటివ్వు."

"ఆడించనమ్మా. మాటిస్తున్నా."

మాటైతే ఇచ్చాడు కానీ ఆ రోజు నుంచి అతనికి కాలూ చెయ్యీ ఆడలేదు. ఆట అతని చేతిలోనే ఉంది. బటను నొక్కితే మ్యాచి మొదలవుతుంది. నొక్కలేకపోయాడు. రోజూ జట్టును పేర్చేవాడు, చెరిపేవాడు. మోకాలబ్బాయి స్థానంలో సణుగుణ్ణి పెట్టేవాడు, తీసేవాడు. వంటగది గుమ్మం నుంచి వీధి తలుపు దాకా, మళ్ళీ అక్కణ్ణించి వంటగది దాకా తిరిగేవాడు.

"ఏమండీ, ఇల్లు కొలుస్తున్నారా? అమ్మేస్తున్నామా ఏంటి?" అంది భార్య, కూరగాయలు తరుగుతూ.

"ఆ మ్యాచి..."

"ఆడేయండి బాబూ. మీరు ఓడినా ఇంత అలిసిపోరు."

పనిలోనూ అంతే. ఒక పాత అపార్టుమెంటులో లిఫ్టు తాడు మార్చడానికి వెళ్ళారు. జత పనివాడు, దళసరి కళ్ళద్దాల వల్ల సోడాబుడ్డి అని పేరు పడ్డవాడు, పైన మోటారు గదిలో ఉన్నాడు. కింద తలుపు తీసి ఉన్న అంతస్తులో 'మరమ్మతు జరుగుచున్నది' బోర్డు తగిలించి అడ్డు గొలుసు కట్టడం గిలక పని. అతను పరధ్యానంలో పై అంతస్తులో కట్టి, అక్కడే మెట్ల మీద నిలబడి, సణుగుణ్ణి ఎడమ పక్క ఆడిస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాడు. కింద ఒక పెద్దావిడ పాల సంచితో లిఫ్టు వైపు వస్తుంటే, ఎదురు వాటాలో ఉండే టైలరు కుట్టు మిషను వదిలి పరుగెత్తుకొచ్చి, "ఆగండి అమ్మమ్మగారూ, లోపల ఖాళీ!" అని అడ్డం నిలబడ్డాడు. అరుపు విని గిలక కిందకు దూకినట్టు దిగాడు. ముఖం తెల్లగా పాలిపోయింది.

టైలరు అతన్ని తిట్టలేదు. "ఏం బాబూ, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?" అని అడిగి, లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆ మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది గిలకకు. సోడాబుడ్డి పైనుంచి దిగి వచ్చి, మాట్లాడకుండా గొలుసు విప్పి సరైన చోట కట్టాడు. పని అయ్యాక మాత్రం వదల్లేదు.

"ఒరే గిలకా, ఇవాళ ఆ పెద్దావిడ పేరు చెప్పి నేను కోర్టు మెట్లు ఎక్కాల్సింది. ఏంట్రా నీ గోల?"

గిలక చెప్పాడు. సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని అతని వంక వింతగా చూశాడు.

"మోకాలు నొప్పా? కంప్యూటర్లో? ఒరే, ఇంజెక్షను పొడిచి దింపరా! వాడేమైనా రేపు నీ ఇంటికొచ్చి కుంటుతాడా?"

"అమ్మకి మాటిచ్చాను."

"మీ అమ్మకి తెర కనపడదు కదరా," అన్నాడు సోడాబుడ్డి.

వాడు ఊరికే అన్నాడు. కానీ ఆ మాట గిలక చెవిలో దూరిన చీమలా రెండు రోజులు తిరిగింది.

సెలవు రోజు పొద్దున్న, ఇక కొట్టుమిట్టాడటం తన వల్ల కాక, మొదటి చుక్కలు వేసి మ్యాచి మొదలుపెట్టాడు. భార్యకు కూడా ఆ రోజు సెలవే. ముగ్గురికీ టీ పెట్టి తెచ్చి అతని వెనకాల నిలబడింది. మోకాలబ్బాయి బెంచీ మీదే ఉన్నాడు. గిలక ఒక్కో వాక్యం పైకి చదువుతున్నాడు. మొదట్లోనే అవతలివాళ్ళు గోలు కొట్టారు. "తలుపుగడియ ఏం చేస్తున్నాడు?" అంది తల్లి. "దూకాడమ్మా, అందలేదు." "దూకాడుగా, చాలు. పాపం." సగం ఆట అయ్యాక, ఎవరూ అనుకోకుండా కొత్తల్లుడు గోలు కొట్టి సమానం చేశాడు. భార్య చప్పట్లు కొట్టబోయి గ్లాసు ఒలకబోసుకుంది. "ఇన్నాళ్ళకి అల్లుడు పని చేశాడండీ అత్తయ్యా!" అంది. ముగ్గురూ నవ్వారు.

కానీ సమానం చాలదు. గెలవాలి. నిమిషాలు కరిగిపోతున్నాయి. సణుగుడు రెండు మంచి అవకాశాలు ఆకాశంలోకి తన్నాడు. గిలక కాలు ఆడటం మొదలైంది. స్టూలు టకటకలాడింది. ఆవిడ కళ్ళు మూసి ఉన్నాయి. రెప్పల అంచున మందు తడి మెరుస్తోంది. అతని వేలు తనంతట తానే కదిలింది. సణుగుణ్ణి బయటికి పిలిచాడు, మోకాలబ్బాయిని లోపలికి దింపాడు. తెర మీద ఆ వాక్యం పడింది. అది మాత్రం చదవలేదు.

"ఊఁ, తర్వాత?" అంది తల్లి.

"మనవాళ్ళే ముందుకెళ్తున్నారు."

భార్య ఆ వాక్యం చూసింది. భుజం మీది నుంచి వంగి ఉన్నదల్లా నిటారుగా నిలబడింది.

మోకాలబ్బాయి ఇద్దర్ని తప్పించుకుని బంతి కొట్టాడు. గోలు కంబానికి తగిలి వెనక్కొచ్చింది. దాని కోసం మళ్ళీ పరుగెత్తాడు, మధ్యలో కుప్పకూలాడు. తెర మీద అక్షరాలు ఆగిపోయాయి. స్ట్రెచరు వచ్చిందని రాసుంది.

"ఎందుకాగావురా? ఏమైంది?"

"ఏం లేదు. బంతి కంబానికి తగిలింది. అయిపోయిందమ్మా. సమానమే."

బోర్డు కబురు వెంటనే వచ్చింది. దాన్ని మాత్రం ఉన్నదున్నట్టు చదివాడు. ఇన్నాళ్ళ సేవకు కృతజ్ఞతలు, ఈ రోజు నుంచి మీరు మేనేజరు కాదు. తల్లి చెయ్యి చాపి తడుముకుంటూ అతని మోకాలు పట్టుకుంది.

"పోతే పోయిందిలే నాన్నా. ఇంతకన్నా ఏం చేస్తావు? ఆ పిల్లాణ్ణి ఆడించలేదు, నాకదే పదివేలు."

గిలక లేచి బయటికి వెళ్ళిపోయాడు. రెండో మందు భార్యే వేసింది.

ఆ రోజంతా అతను ఇంట్లో నిలవలేదు. మేడ మెట్లు ఎక్కాడు, దిగాడు. ఎవరూ అడగని పక్కింటి కుళాయి బిగించి వచ్చాడు. మేడ మీద బట్టలు తీస్తున్న భార్య అతన్ని చూసి, "అత్తయ్యకి మీరు చెప్తారా?" అంది మెల్లగా.

"నువ్వు చెప్పవు కదా?"

"నేనెందుకు చెప్తాను? నాకైతే ఆవిడ ముఖం చూసే ధైర్యం లేదు." దుప్పటి కొస అతని చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి మడత పెట్టారు.

సోడాబుడ్డికి ఫోను చేశాడు. వాడు విని పకపకా నవ్వాడు.

"ఒరే పిచ్చోడా, మ్యాచికి ముందు దాచిన ఆట ఉంటుంది కదా? అది తెరువు. మోకాలు బాగుంటుంది, ఉద్యోగం ఉంటుంది. వాణ్ణి కూర్చోబెట్టి మళ్ళీ ఆడు. అప్పుడు మీ అమ్మకి నువ్వు చెప్పింది అబద్ధం కూడా కాదు! ఏం, నా బుర్ర?"

నిజంగానే బుర్రే. గిలక లాప్‌టాప్ తెరిచాడు. మ్యాచి ముందు రోజు దాచిన ఆట అక్కడే ఉంది. ఒక్క నొక్కుతో ఆ పొద్దున్న జరగనట్టే అయిపోతుంది. కుంటివాడు లేచి పరుగెత్తుతాడు. ఎవరికీ ఏ కష్టమూ ఉండదు. చాలాసేపు దాని మీదే బాణం గుర్తు పెట్టుకుని కూర్చున్నాడు. అయినా నొక్కలేకపోయాడు, ఎందుకో తనకే తెలియలేదు. మూత దించి అలమరలో పెట్టి, కాసేపటికి మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

మర్నాడు పొద్దున్న చేతులు కడుక్కుని చుక్కల మందు పట్టుకుని తల్లి మంచం దగ్గరికి వచ్చాడు. రెప్ప లాగాడు. కంటికి అంత దగ్గరగా వేలు వస్తే ఎవరైనా ఒక్క క్షణం జంకుతారు. ఆవిడ జంకలేదు. ఎప్పుడూ జంకలేదు. సగం చూపు పోయిన ఆ కన్ను కొడుకు చేతి కింద అలా విప్పారి ఉంది. చుక్క పడ్డాక ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఉద్యోగం లేదని చదవడం మానేస్తావా ఏంటి? మోకాలబ్బాయి ఎలా ఉన్నాడో చెప్పు," అంది.

గిలక స్టూలు మీద కూర్చున్నాడు.

"వాణ్ణి ఆడించానమ్మా."

ఆవిడ కదలలేదు.

"ఆఖర్లో. నీకు చదవకుండా దింపాను. నరం తెగింది. చాలా నెలలు పడుతుందని రాసుంది."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది రెండుసార్లు దగ్గి ఆగింది.

"నా కళ్ళు మూసి ఉన్నాయనేగా," అంది తల్లి.

"అవునమ్మా."

మాట ముగిశాక కూడా ఆవిడ పెదవులు కాసేపు కదిలాయి. దణ్ణం పెట్టుకుంటోందో, తనను తాను సముదాయించుకుంటోందో తెలియలేదు. గిలకకు లేచి పారిపోవాలనిపించింది. పాదాలు నేలకు అదిమిపెట్టుకుని కూర్చున్నాడు.

"నొప్పికి ఏమైనా ఇచ్చారా వాడికి?" అని అడిగింది చివరికి.

"రాయలేదు. ఇచ్చే ఉంటారు."

"కొత్త మేనేజరు చూసుకుంటాడా?"

"చూసుకోడమ్మా. ఈ నెలాఖరుతో వాడి ఒప్పందం అయిపోతుంది. కుంటుతున్నవాడికి ఎవరూ పొడిగించరు. వదిలేస్తారు."

"మళ్ళీనా," అంది ఆవిడ. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ వినిపించింది. "మొదట ఒకళ్ళు వదిలేస్తేనే కదరా మన దగ్గరికొచ్చాడు."

గిలక లాప్‌టాప్ తెరిచాడు. నిన్నటి నుంచి తెర మీద ఒక ప్రశ్న అలాగే నిలిచి ఉంది. క్లబ్బులో మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంది, కొత్త మేనేజరును చేర్చుతారా అని. పేరు రాయడానికి ఒక ఖాళీ గడి. తన పేరు మళ్ళీ అందులో రాయడానికి చేతులు రాలేదు. నిన్న చెరిపేయలేకపోయిన ఆ పొద్దున్నను ఇవాళ దొంగదారిన దాటడం కూడా ఇష్టం లేకపోయింది.

"అమ్మా, నాకో సాయం చెయ్యవా," అన్నాడు.

ఆవిడ ముఖం అతని వైపు తిప్పింది, కళ్ళు తెరవకుండానే.

"నువ్వు మేనేజరుగా ఉండమ్మా. ఇక్కడ నీ పేరు రాస్తాను. ఎవర్ని పెట్టుకోవాలో, ఎవర్ని కూర్చోబెట్టాలో నువ్వు చెప్పు, నేను ఒట్టి నొక్కేవాణ్ణి. తెర మీద ఏం పడితే అది చదువుతాను, ఒక్క ముక్క దాటేయను. నా మీద కోపం నీ ఇష్టం వచ్చినన్నాళ్ళు ఉంచుకో. వాడి ఒప్పందం మాత్రం ఈ నెల దాటకముందే పొడిగించమ్మా. నేను చెప్తే వాళ్ళు వినరు, నా ఉద్యోగం పోయింది కదా."